మారీచుని గొంతుక

రామబాణము తగిలినపుడు మారీచుడు తన గొంతుకతో అరవలేదు. రాముని గొంతుకతో అరచినాడు. బంగారులేడి రూపము రాముని మాత్రమే దూరముగా కొనిపోయినది. ఆ దొంగగొంతుక లక్ష్మణుని గూడ కదలించినది. అంతకుముందు సీత నోట అనరాని మాట ననిపించినది. శత్రువు శత్రువువలె వచ్చినచో తలుపు వేసికొనవచ్చును. మనవాని కంఠముతో పిలిచినవానికి తలుపు మనమే తీయుదుము. నేటి రాజకీయములలో ఈ మారీచవిద్య ఊరూరను ప్రబలియున్నది. దానిని గూర్చి రెండు మాటలు వ్రాయుట మా విధియని తలచుచున్నాము.

చిలకలూరిపేటకును ఒంగోలునకును నడుమ పెద్దరోడ్డు మీద నున్న మార్టూరును చూడుడు. చుట్టును ప్రత్తి, మిరప, పొగాకు, సెనగ చేలు. ఊరిదాపున రాతిపలకలను కోసి నునుపుచేయు గ్రానైటు కార్ఖానాలు. ఒకప్పుడు రచ్చబండ మీదను, కాఫీహోటలు బల్లల చెంతను సాగిన చర్చలో సగము ఇపుడు చేతిలోని ఫోనునకు మారినది. పంటకొక వాట్సాపు కూటమి, పార్టీకొక కూటమి, కులమున కొక కూటమి. దీనిని తప్పుపట్టుటకు మేము పూనుకొనలేదు. 2025వ సంవత్సరమున నల్లబర్లీ పొగాకు నడుగువారు లేక పర్చూరు ప్రాంతపు రైతులు తల్లడిల్లినపుడును, అదే యేడు ఫిబ్రవరిలో మిరపధర కూలి, కేంద్రము క్వింటాలునకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్టులో జోక్యము చేసికొందునని ప్రకటించినపుడును, రైతునకు వార్త యందినది చాలవరకు ఈ కూటములలోనే.

అట్టి కూటమిలో జరుగవలసిన చర్చ యేది? ఎవరి కొట్టులో ఎంత సరకు నిలిచినది, కొనుగోలు కేంద్రమున తిరస్కరించిన సరకెంత, అర్జీ ఎవరికి పెట్టవలెను — ఇంతే గదా. సరిగా ఆ సమయముననే క్రొత్తగా చేరినవాడొకడు ‘నేనును రైతునే’ యని మొదలిడును. రెండు దినములు అందరికంటె మెత్తగా మాటలాడును. మూడవనాడు అందరికంటె గట్టిగా మాటలాడును. అర్జీ పెట్టుట పిరికితనమనును, రోడ్డెక్కి తగులబెట్టుదమనును. కాదన్నవాడు అమ్ముడుపోయినాడనును. ఆ పిదప ఒక కులము పేరు తీయును. కోపముతో నొకరు ప్రత్యుత్తరమిచ్చుటే తడవు, ఆ యొక్క మాటను ఫొటో తీసి వెలుపలి వేయి కూటములకు పంపును: ‘వీరి బుద్ధి యిది’ యని. మరునాటికి పొగాకు మాట లేదు, ధర మాట లేదు. నలుబదియేండ్లు ఒకే గట్టు మీద నడచిన ఇరుగుపొరుగులు మొగములు తిప్పుకొందురు. కూటమి మూతపడును. రైతు కాని ఆ రైతు మరియొక పేరుతో మరియొక తలుపు తట్టుచుండును.

ఇది యంత్రముతో పుట్టిన వింత కాదు. మైసూరున శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమును చదివినవారికి ఇది తెలిసిన సంగతియే. గూఢచారులు తీర్థములందును, సభలందును, జనసమూహములందును రెండు పక్షములుగా చీలి తమలోతాము వాదించుకొని జనుల మనసు గ్రహింపవలెనని అందు చెప్పబడినది. సంఘములను గూర్చిన పదునొకండవ అధికరణమైతే, ఐకమత్యముగల గణములలో చొరబడి, వారి అసూయలను ఆరసి, చీలికలు తెచ్చు విధమును విపులముగా వర్ణించును. వైశాలి వజ్జీలు కలిసి కూడి, కలిసి లేచినంతకాలము వారికి హానిలేదని బుద్ధుడు చెప్పినట్లు బౌద్ధగ్రంథములందు కలదు. అజాతశత్రుని మంత్రి వస్సకారుడు, రాజుచేత వెడలగొట్టబడినవానివలె నటించి వారిలో చేరి, ఒకరిమీద నొకరికి అనుమానము పుట్టించెనట. పిదప యుద్ధభేరి మ్రోగినను వజ్జీలు కూడిరాలేదు.

ఇతర ఖండముల కథయు నిట్టిదే. రష్యాలో జారు రహస్యపోలీసుల జీతగాడైన మాలినోవ్‌స్కీ, 1912లో కార్మికుల ప్రతినిధిగా ద్యూమాకు ఎన్నికైనాడు. బోల్షెవిక్కులును మెన్షెవిక్కులును మరల కలియకుండ చూచుట అతనికి పోలీసులప్పగించిన పని. అమెరికా కేంద్ర పోలీసుశాఖ 1956 నుండి 1971 వరకు రహస్యముగా నడపిన పథకములో పౌరహక్కుల సంఘములలోనికి మనుష్యులను పంపిరి, దొంగజాబులు వ్రాసిరి. మార్టిన్ లూథర్ కింగునకు 1964లో వచ్చిన పేరులేని జాబు అందులోనిదే. ఇటీవలి ఉదాహరణము మరింత విచిత్రము. 2016 మే 21వ తేదీన హ్యూస్టను నగరములో ఒక ఇస్లాము కేంద్రము నెదుట రెండు గుంపులు ఎదురెదురుగా నిలిచి కేకలు వేసికొన్నవి. ఒక గుంపును పిలిచినది ముస్లిముల సంఘమని పేరు పెట్టుకొన్న ఫేస్‌బుక్కు పుట. రెండవ దానిని పిలిచినది టెక్సాసు దేశభక్తులమని చెప్పుకొన్న పుట. రెండును రష్యాలోని ఒకే కచ్చేరి నుండి నడచినవని 1917 విప్లవమునకు సరిగా నూరేండ్ల పిదప, 2017 నవంబరులో, సెనేటు విచారణలో బయటపడినది. వీధిలో నిలిచినవారు నిజమైన మనుష్యులు, వారి కోపమును నిజమైనదే. వారిని పిలిచిన గొంతుక మాత్రము వారిది కాదు.

మన రాష్ట్రమును విడిచి దేశాంతరములను వేలెత్తి చూపుట ధర్మము కాదు. 2019 ఎన్నికలకు ముందు, ఓటరు పేరు తీసివేయుడని కోరు ఏడవ నమూనా దరఖాస్తులు లక్షల సంఖ్యలో వచ్చిపడినవి. తమ పేరిట దరఖాస్తు వెళ్లినదని తెలిసి, ‘మేము పెట్టలేదు’ అని మొత్తుకొన్నవారు ఎందరో. పోలీసులు పలుచోట్ల కేసులు పెట్టిరి. 2023లో ఇదే దరఖాస్తుల తగాదా మార్టూరు చేరియున్న పర్చూరు నియోజకవర్గములో మరల రేగినది. పొరుగువాని పేరు దొంగిలించి పొరుగువాని ఓటును తుడుచుటకంటె మారీచవిద్యకు వేరు నిదర్శనమేల?

అనుమానమే ఒక ఆయుధమగుటయు చూచినాము. 2022లో అమరావతి రైతులు అరసవల్లికి పాదయాత్ర సాగించినపుడు, నడచువారు రైతులా, ఇతరులా యని వివాదము పెట్టిరి. హైకోర్టు 600 మందికే నడచుట కనుమతించినది. గుర్తింపుకార్డుల తనిఖీ దగ్గర ఆ యక్టోబరులో యాత్ర ఆగినది. ఢిల్లీలో 2021 జనవరి 26న ఎర్రకోట చెంత జరిగిన అల్లరిలో తమవారు కానివారు చొరబడిరని రైతుసంఘములు చెప్పినవి. చొరబాటు జరిగినచో ఉద్యమమునకు చెరుపు. జరుగకున్నను జరిగినదని నమ్మించిన అదియును చెరుపే. తనలో తనకు నమ్మకము చెడిన సభ తలుపులు తెరచియున్నను మూతపడినట్లే.

మరి తరుణోపాయమేది? కొందరు చట్టమందురు. పరుల పేరు ధరించి కంప్యూటరు మూలమున మోసగించినవానికి మూడేండ్లవరకు శిక్ష విధింప ఐటీ చట్టము 66డి సెక్షను ఇదివరకే యున్నది. దాని నుపయోగింపవలసినదే. కాని అదే చట్టములోని 66ఏ సెక్షను మాటలాడినవారినెల్ల పట్టుటకు దుర్వినియోగమై, 2015 మార్చి 24న సుప్రీముకోర్టుచే కొట్టివేయబడినదని మరువరాదు. ఏ ప్రభుత్వము చేతికైనను ఈ కత్తి నిచ్చినచో మొదట తెగునది మారీచుని గొంతుక కాదు, గిట్టనివాని గొంతుక. వాట్సాపు కంపెనీవారు 2018లో మనదేశమున ఒక వార్తను ఐదుగురికి మించి పంపకుండ హద్దు పెట్టిరి. అది వేగమును తగ్గించునుగాని బుద్ధిని మార్చదు.

మా దృష్టికి తోచు మందు దూరమున లేదు. మార్టూరునకు ఇరుగుపొరుగైన పెదనందిపాడు ఫిర్కా పేరు ఎరుగని ఆంధ్రుడుండడు. 1922 ఆరంభమున అక్కడి రైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణమును నడపిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. ప్రభుత్వము జప్తులకును బెదిరింపులకును దిగినది. ఒక్క రాయి విసరబడినను ఉద్యమమునకు చేటు కాచుకొనియున్న దినములవి. ఆ రాయిని ఎవరు విసరినను, పేరు రైతునకే వచ్చును. అందుకే వీరయ్యచౌదరిగారు వేలాది యువకులతో శాంతిసేనను కూర్చిరి. ఆ సైనికుడు ఊరివాడు. ఊరిలో ప్రతివానిని పేరు పెట్టి పిలువగలవాడు. ఫిబ్రవరిలో చౌరీచౌరా పిమ్మట దేశమంతటను శాసనోల్లంఘనము ఆగినది, ఇక్కడను ఆగినది. కాని ఆ ఫిర్కా శాంతమునకు మచ్చ రాలేదు.

ఆ శాంతిసేనయే నేడును కావలెను. కూటమిని నడుపువాడు తాను చేర్చుకొనిన ప్రతి మనిషిని ఎరిగియుండవలెను. ఎరుగనివానికి పూచీ యెవరని అడుగవలెను. ధరను గూర్చిన నిర్ణయము, అర్జీ, తీర్మానము ఫోనులో కాక నలుగురు కూర్చున్నచోట మొగమొగము చూచుకొని చేయవలెను. అచట మారీచునకు రూపముండక తప్పదు. అందరికంటె ముందు అగ్గి అడిగినవానిని, అందరికంటె ముందు కులము పేరెత్తినవానిని, ‘అయ్యా, మీ పొలమెక్కడ, ఈ యేడు మీరు వేసిన దేమి?’ అని మర్యాదగా ప్రశ్నింపవలెను. ఈ యొక్క ప్రశ్నకు నిలువగల దొంగరైతు అరుదు.

తుదకు ఒక కఠినమైన మాట. ఎదుటిపక్షము సభలో మన కుర్రవాడు చొరబడి అల్లరిచేసి వచ్చినపుడు మనము నవ్వినాము, వీపు తట్టినాము, టీ ఇప్పించినాము. ఆ తప్పులో మాకును భాగము కలదు. జాతీయవాదులమని చెప్పుకొనువారము నవ్వినపుడు అది మరింత తప్పు. నేడు పరుల యింట దొంగగొంతుకతో అరువ నేర్చినవాడు రేపు మన యింటనే అరచును. ఆ విద్యకు పక్షము లేదు, కూలి మాత్రమే కలదు. పరుల సభ చెడకూడదని కోరలేనివానికి తన సభ నిలువవలెనని కోరు అధికారము లేదు. మార్టూరు రచ్చబండ మీద రెండు పార్టీలవారును ఒకే బల్లపై కూర్చుండి, తమ పేరులతో, తమ గొంతుకలతో, ఎంత గట్టిగానైనను వాదించుకొందురుగాక. ఆ వాదము ముగిసిన పిదప కలిసి పొలము త్రోవ పట్టవలెను. స్వరాజ్యమునకు మేము చెప్పగల అర్థములలో ఇది యొకటి.