ముందు పాఠం... తర్వాతే అప్పు!

పశ్చిమ జావా పల్లెల్లో ‘బ్యాంక్ ఎమోక్’ అంటే తెలియని ఇల్లాలు ఉండదు. అది నిజమైన బ్యాంకు కాదు. ‘ఎమోక్’ అంటే అక్కడి సుండా భాషలో ఆడవాళ్లు కాళ్లు ఓ పక్కకి ముడుచుకుని కూర్చోవడం. అప్పిచ్చేవాళ్లు ఊళ్లోకి వచ్చి ఆడవాళ్లందరినీ అలా కింద కూర్చోబెట్టి డబ్బులు పంచుతారు. ఆ తర్వాత వాయిదాల కోసం ఇంటిముందు వాలిపోతారు. ఒకరు కట్టకపోతే ఆ భారం పక్కవాళ్లమీద! ఈ బాధ మన పల్లెలకీ తెలిసిందే. సూక్ష్మరుణాల ఒత్తిడి తట్టుకోలేక జనం అల్లాడిపోతుంటే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

అదే ఇండొనేషియాలో 2017లో మరో రకం అప్పు మొదలైంది. దాని పేరు ‘బ్యాంక్ వకాఫ్ మిక్రో’. తాకట్టు అక్కర్లేదు. మొదటిసారి పది లక్షల రుపయ్యాల దాకా ఇస్తారు. వినడానికి పెద్ద మొత్తంలా ఉన్నా మన లెక్కలో అయిదువేల రూపాయలకు అటూ ఇటూ. బజ్జీల బండికో, టెంపే (సోయా గింజల్ని పులియబెట్టి చేసే వంటకం) తయారీకో, చిన్న కిరాణాకో సరిపోతుంది. ఖర్చుల కింద తీసుకునేది ఏడాదికి 3 శాతమే. ఒక్కటే షరతు... డబ్బు చేతికి రావాలంటే ముందు వరసగా అయిదు రోజులు తరగతులకు రావాలి!

అయిదుగురు కలిసి ఓ బృందం కావాలి. లెక్కలు రాసుకోవడం, ఇంటి ఖర్చునీ వ్యాపారం డబ్బునీ వేరుగా ఉంచడం, వేళకి రావడం లాంటివి నేర్పిస్తారు. అందులో గట్టెక్కితేనే అప్పు. అదీ అయిదుగురికీ ఒకేసారి కాదు. మొదట ఇద్దరికి, తర్వాత ఇద్దరికి, చివరగా ఒకరికి. ఆపైన వారం వారం సమావేశం. వాయిదా కట్టడం, కాసేపు దైవచింతన, సరుకు ఎలా అమ్ముకోవాలన్న మాటలు... అన్నీ అక్కడే. అయిదు రోజుల్లో ఎవరూ వ్యాపారవేత్త అయిపోరు కదా, అసలు చదువు సాగేది ఈ వారాల్లోనే.

గుంపూ, వారం వాయిదా... ఇక్కడా అవే. మరి తేడా ఎక్కడ? డబ్బు వచ్చే దారిలో.

తల్లి వేరు తెగకుండా...

వక్ఫ్ సూత్రం సులువైనదే. ఆస్తిని దేవుడి పేరిట అంకితం చేస్తే ఇక దాన్ని అమ్మకూడదు, పంచుకోకూడదు. దానిమీద వచ్చే రాబడినే మంచిపనికి వాడాలి. చెట్టుని ఉంచి కాయలు పంచినట్టు! హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరున్న మదీనా బిల్డింగ్ అలా పుట్టిందే. అందులోని అద్దెలు ఒకప్పుడు అరేబియాలోని మదీనా పేదలకు చేరేవి.

భూములూ భవనాలే కాదు, నగదునీ వక్ఫ్ చేయొచ్చా అన్న చర్చ శతాబ్దాల నాటిది. ఒట్టోమన్ తుర్కుల కాలంలో నగదు వక్ఫ్‌ల నుంచి చిన్న వ్యాపారులు అప్పులు తీసుకునేవారు, దాన్ని తప్పుపట్టిన పండితులూ ఉండేవారు. ఇండొనేషియా ఉలేమా మండలి 2002లో సరేనంది. 2004లో చట్టమూ వచ్చింది.

బ్యాంక్ వకాఫ్ మిక్రో శాఖలు ఉండేది పెసంత్రెన్‌ల దగ్గర. అంటే ఇస్లామిక్ గురుకులాలన్నమాట. బాంటెన్ రాష్ట్రంలోని తనారాలో ఉన్న శాఖను 2018 మార్చిలో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో ప్రారంభించారు. 2020 ముగిసేసరికి ఇలాంటివి అరవై దాకా వచ్చాయి. కంపెనీలూ సంపన్నులూ ఇచ్చిన విరాళంలో సింహభాగాన్ని ఇస్లామిక్ బ్యాంకులో డిపాజిట్ చేస్తారు. కొంతే అప్పులకి వాడతారు. డిపాజిట్‌మీద వచ్చే లాభంలో వాటాతో సిబ్బంది జీతాలూ తరగతుల ఖర్చూ గడుస్తాయి. ఆ భారం అప్పు తీసుకున్న ఆవిడమీద పడదు కాబట్టే 3 శాతం సాధ్యమైంది. మామూలు సూక్ష్మరుణ సంస్థకి ఆ వెసులుబాటు ఎక్కడిది?

అన్నట్టు, దీని పేరులోని రెండు మాటలూ పూర్తిగా నిజం కావు. ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి లేదు కాబట్టి ఇది బ్యాంకు కాదు. నిధి ఎక్కువగా విరాళమే కాబట్టి చట్టం ప్రకారం వక్ఫ్ అనడానికీ కుదరదని అక్కడి నిపుణులే విమర్శించారు. అసలుని కదపకుండా రాబడితో నడపడం మాత్రం వక్ఫ్ పద్ధతే. చిక్కూ అక్కడే ఉంది. డిపాజిట్ రాబడి తగ్గితే తరగతులకీ జీతాలకీ కటకటే.

మన దగ్గర సంగతి వేరు. ఇక్కడ ఆస్తికి కొదవలేదు, రాబడికే కరవు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు. మార్కెట్ విలువ లక్షా 20 వేల కోట్ల రూపాయలు. ఏడాదికి వస్తున్నది మాత్రం 163 కోట్లు! పదిశాతం రాబడి తెచ్చుకోగలిగితే అది 12 వేల కోట్లు అయ్యేదని కమిటీ లెక్కగట్టింది. ఆక్రమణలు ఒకవైపు, ఎప్పుడో తాతల నాడు కుదిరిన నామమాత్రపు అద్దెలు మరోవైపు. అందుకే 2014లో కేంద్రం వక్ఫ్ ఆస్తుల లీజుకి కొత్త నిబంధనలు తెచ్చింది.