సెంట్‌ఓఎస్ ఆయుర్దాయం

ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్‌కు చేరువనున్న ఐఐటీ ప్రాంగణంలో 2022 మార్చిలో ప్రారంభమైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్, సెకనుకు గరిష్ఠంగా 1,660 లక్షల కోట్ల గణనలు చేయగల యంత్రం, లైనక్స్ మీద నడుస్తుంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ వాడుతున్నదీ, కంప్యూటర్ భాగాలన్నిటినీ సమన్వయపరిచే ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌నే. అందరికీ చెందిన ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఏర్పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి లైనక్స్ కుటుంబంలోని సెంట్‌ఓఎస్ చరిత్ర చాలు.

లైనక్స్‌ను కూర్చి, పరీక్షించి, మరమ్మతుల హామీతో అమ్మే అమెరికా సంస్థ రెడ్ హ్యాట్ తన సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలపాఠాన్ని, బహిరంగంగా ఉంచేది. 2004లో కొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ఆ కోడ్ నుంచి రెడ్ హ్యాట్ పేరు, చిహ్నాలు తొలగించి, ఉచితంగా పంచిన రూపమే సెంట్‌ఓఎస్. ఏళ్ళ తరబడి భద్రతా సవరణలు అందడం వల్ల విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు దానిని నమ్ముకున్నాయి. అయితే నిధులు లేని ఆ బృందం 2014లో రెడ్ హ్యాట్ నీడకు చేరింది. ముఖ్య కార్యకర్తలకు జీతాలు దొరికాయి, సెంట్‌ఓఎస్ అనే పేరుపై హక్కు మాత్రం కంపెనీకి పోయింది.

2019 జులైలో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ను కొన్నది. ఆ కొనుగోలుకు ప్రధాన సూత్రధారి, పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన తెలుగు కుటుంబంలో పుట్టిన అరవింద్ కృష్ణ, 2020 ఏప్రిల్‌లో ఐబీఎం సీఈఓ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో, 2029 వరకు సాగుతుందనుకున్న సెంట్‌ఓఎస్ 8ను 2021తోనే ముగిస్తామని రెడ్ హ్యాట్ ప్రకటించింది. లైసెన్సు ఉల్లంఘన ఏదీ జరగలేదు. కాని నమ్మినవారికి నడిదారిలో గడువు కుదించడం అన్యాయమే. ఈ నష్టానికి ఐబీఎంను మాత్రమే నిందించడం సరికాదు, ఎందుకంటే స్వాతంత్ర్యం 2014లోనే పోయింది.

కోడ్ మాత్రం ఎవరి సొంతమూ కాలేదు గనుక, సెంట్‌ఓఎస్ ఆద్యుల్లో ఒకరైన గ్రెగరీ కుర్ట్జర్, దివంగత సహచరుడు రాకీ మెక్‌గా పేరిట రాకీ లైనక్స్‌ను మొదలుపెట్టగా, లాభాపేక్ష లేని ఫౌండేషన్ అధీనంలో ఆల్మాలైనక్స్ వెలిసింది. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన సోర్స్ కోడ్‌ను ప్రధానంగా ఖాతాదారులకే పరిమితం చేసినా అవి రెండూ నిలిచాయి. సెంట్‌ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30న ముగిసింది. సెంట్‌ఓఎస్ అనే పేరు మాత్రం రెడ్ హ్యాట్ దగ్గరే ఉంది.