చెప్పేవాళ్లున్నారు... వినేవాళ్లేరీ?

కార్గిల్ నివేదిక చదివితే మన లోపాలు తెలుస్తాయి. అది అమలైన తీరు చూస్తే మన పాలన తెలుస్తుంది.

1999 మే మొదట్లో కార్గిల్ కొండల మీద కొత్త మనుషులు తిరుగుతున్నారని సైన్యానికి చెప్పింది స్థానిక పశువుల కాపరులు. అప్పటికే పాక్ సైనికులు నియంత్రణ రేఖ దాటి శిఖరాలెక్కి కూర్చున్నారు. వాళ్లను దించేసరికి 527 మంది జవాన్లను కోల్పోయాం. జులై 26న యుద్ధం ముగిసింది. 29న వాజ్‌పేయి ప్రభుత్వం నలుగురితో సమీక్షా కమిటీ వేసింది. దాని సారథి కె.సుబ్రహ్మణ్యం. 1951 బ్యాచ్ ఐఏఎస్ అయిన ఆయన అప్పటికే దశాబ్దాలుగా యుద్ధాల లెక్కలు తిరగేస్తూనే ఉన్నారు.

ఓటమి నేర్పిన చదువు

1962లో చైనా దెబ్బ, 1965లో పాక్‌తో పోరు. పొరుగు దేశాల ఎత్తుగడల్ని తీరిగ్గా చదివి, ముందుగా హెచ్చరించేవాళ్లు కావాలని దిల్లీకి అర్థమైంది. వై.బి.చవాన్ రక్షణ మంత్రిగా ఉండగా 1965 నవంబరు 11న రక్షణ అధ్యయనాలు, విశ్లేషణల సంస్థ (ఐడీఎస్‌ఏ) మొదలైంది. ఇప్పుడు దానికి మనోహర్ పరీకర్ పేరు పెట్టారు. 1968 నుంచి రెండు విడతలుగా సుబ్రహ్మణ్యమే దాని డైరెక్టర్‌గా పనిచేశారు.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాక్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. వారం తిరక్కముందే దిల్లీలో జరిగిన ఓ సదస్సులో ఆయన కుండబద్దలు కొట్టారు. పాకిస్థాన్ చీలితే మనకు మేలేననీ, ఇలాంటి అవకాశం మళ్లీ రాదనీ అన్నారు. భారత్ కుట్రకు ఇదే సాక్ష్యమంటూ పాకిస్థాన్ ఆ మాటల్ని ప్రపంచానికి చూపించింది. ఇందిర ప్రభుత్వం మాత్రం తొందరపడలేదు. సైన్యానికి సన్నద్ధమయ్యే వ్యవధి ఇచ్చింది. ఆగస్టులో సోవియట్‌తో ఒప్పందం చేసుకుంది. యుద్ధం డిసెంబరులో వచ్చింది, 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. పరిశోధకుడు దారి చూపాడు, ముహూర్తం ప్రభుత్వం పెట్టుకుంది. ఎవరి పని వారు చేశారు.

నివేదికకు పట్టిన కాలం

కార్గిల్ తర్వాత కథ వేరు. 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదిక నేరుగా మూలానికే వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మౌంట్‌బాటెన్ సిఫార్సుతో తీసుకున్న, లార్డ్ ఇస్మే రూపొందించిన రక్షణ నిర్వహణ నమూనానే 52 ఏళ్లుగా పెద్ద మార్పు లేకుండా నడిపిస్తున్నామంది. నిఘా సంస్థల మధ్య సమన్వయం లేదని తేల్చింది. జాతీయ భద్రతా సలహాదారు పూర్తికాలం ఆ పనే చూడాలని చెప్పింది. ఆ రోజుల్లో బ్రజేశ్ మిశ్రా అటు ఆ పదవిలోనూ, ఇటు ప్రధాని ముఖ్యకార్యదర్శిగానూ ఉన్నారు. అంటే తనను నియమించిన ప్రధాని కార్యాలయానికే కమిటీ వేలెత్తి చూపిందన్నమాట. ఆ రెండు కుర్చీలూ వేరుపడింది 2004లో, ప్రభుత్వం మారాక.

నివేదికను పరిశీలించిన మంత్రుల బృందం మూడు దళాలకు కలిపి ఒక అధిపతి కావాలని 2001లో సిఫార్సు చేసింది. రక్షణ నిఘా సంస్థ మరుసటేడే వచ్చింది. జనరల్ బిపిన్ రావత్ తొలి త్రిదళాధిపతి(సీడీఎస్)గా బాధ్యతలు తీసుకుంది మాత్రం 2020 జనవరి 1న. ఈలోగా ముగ్గురు ప్రధానుల పాలన చూశాం.

జీతమిచ్చే చేయి

ఐడీఎస్‌ఏకు డబ్బు రక్షణ శాఖది. అధ్యక్షుడు రక్షణ మంత్రే. పోషించే శాఖ పొరపాటును ఎత్తిచూపాలంటే గుండె ధైర్యం కావాలి. ప్రభుత్వం ప్రకటించిన పద్మభూషణ్‌ను సుబ్రహ్మణ్యం 1999లో తిరస్కరించారు. అధికారులూ, పాత్రికేయులూ సర్కారు సత్కారాలు తీసుకోకూడదన్నది ఆయన నమ్మకం. అలాంటి మనుషుల మీదే ఆధారపడితే సరిపోదు, వ్యవస్థ కావాలి. భద్రతపై వచ్చే ప్రతి నివేదికకూ ఏది ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో, ఎప్పటికి చేస్తారో గడువు పెట్టి ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పాలి. 527 ప్రాణాలు పోయాక రాసిన సిఫార్సు పంతొమ్మిదేళ్లు ఫైళ్లలో నలగడం ఏ దేశానికీ మర్యాద కాదు.