మిల్లు మూతపడిన నేల: ఇంటికిని గాలికిని చోటు

ముంబయి నగరము నడుమ పరేలు, లాల్‌బాగు, వర్లి, బైకుల్లా మొదలగు పేటలు కలవు. వీటినన్నిటిని కలిపి మరాఠీ భాషలో "గిరణ్‌గావ్" అందురు. అనగా మిల్లుల ఊరు. ఒకప్పుడు ఇచట మిల్లు కూతతోనే తెల్లవారెడిది. షిఫ్టు మారినప్పుడెల్ల వేలకొలది కార్మికులతో వీధులు నిండిపోయెడివి. నేడు ఆ కూతలు లేవు. పొగగొట్టములు అక్కడక్కడ మాత్రమే మిగిలియున్నవి. వాటి ప్రక్కన అద్దపు గోడల కార్యాలయములును, నలువది ఏబది అంతస్తుల నివాసములును లేచినవి.

మిల్లులు మూతపడినప్పుడు నగరము నడిబొడ్డున సుమారు 600 ఎకరముల నేల పని లేక పడియుండెను. ఇంత నేల ఒక మహానగరమునకు తిరిగి దొరకుట అరుదు. ఆ నేలను ఏమి చేయవలెనను ప్రశ్న పైకి ఆస్తి విషయముగను, చట్టము విషయముగను కనబడును. నిజమునకు అది ప్రజారోగ్య విషయము. ఎవరు ఎట్టి గదిలో నిద్రించుదురు, ఏ గాలి పీల్చుదురు, వారి పిల్లలు ఎచట ఆడుకొందురు అనునది ఆ నిర్ణయముపైననే ఆధారపడియుండెను.

మిల్లులును, ఒంటిగది కాపురములును

బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీని 1854లో కావస్జీ దావర్ స్థాపించెను. 1856లో తార్‌దేవులో ఆ మిల్లు పని ప్రారంభించెను. తరువాత మిల్లులు వరుసగా వెలసెను. కొంకణము నుండియు, దక్కను నుండియు జనము పని వెదకుకొనుచు వచ్చిరి. వారిలో తెలుగువారు తక్కువవారు కారు. తెలంగాణపు పద్మశాలీలు చేతిమగ్గము విడిచి ఈ మిల్లుల సాంచాల వద్ద నిలిచిరి. అంతకు పూర్వమే నిజాము రాజ్యము నుండి వచ్చి నగరపు కట్టడములకు రాయి, మట్టి మోసిన కామాఠీల పేరు కామాఠీపురమను పేటకు నిలిచిపోయినది.

వీరికి దొరకిన నివాసము చాలు. మెట్లకు ఇరువైపుల వరుసగా ఒంటిగదులును, అందరికి కలిపి మరుగుదొడ్లును గల అంతస్తుల కట్టడమునకు చాలు అని పేరు. ఒక్కొక్క గదిలో ఒక కుటుంబము, కొన్నిట కుటుంబముతోపాటు స్వగ్రామము నుండి వచ్చిన బంధువులు నివసించెడివారు. పగటి షిఫ్టువారు పనికి పోగా రాత్రి షిఫ్టువారు అదే చాపపై నిద్రించెడివారు.

1896లో మాండ్వి పేటలో ప్లేగు బయలుపడెను. నగరము భయకంపితమయ్యెను. 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. ఇరుకు వాడలను కొట్టివేసి వెడల్పు వీధులు తీసి, గాలిని వెలుతురును లోనికి రానిచ్చుట దాని ఉద్దేశము. ప్లేగు ఎలుకలపైనుండు గోమారుల వలన మనుష్యులకు సోకునని తరువాత స్థిరపడినది. కాని ఇరుకు గదిలో క్షయ త్వరగా వ్యాపించునను మాట నాడును నేడును సత్యమే. ట్రస్టు చేసిన పనిలో ఒక లోపముండెను. కూలిన ఇండ్లకు సరిపడునన్ని ఇండ్లు వెంటనే లేవలేదు. ఇల్లు పోయిన పేదలు ప్రక్క వాడలో మరింత ఇరుకుగా చేరిరి. వీధికి గాలి వచ్చెను గాని గదికి రాలేదు. ఇల్లును, ఖాళీ చోటును జంటగా ఆలోచింపవలెనను పాఠము ఆనాడే తెలిసినది.

మూడు పాళ్ళ నియమము

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మె ప్రారంభించిరి. ఆ సమ్మె ముగిసినట్లు ఎవరును ప్రకటింపలేదు. అప్పటికే యంత్రములు పాతబడి, మరమగ్గముల పోటీకి తట్టుకొనలేకున్న మిల్లులు ఒకటి వెనుక ఒకటి మూతపడెను. కార్మికులకు పని పోయెను, నేల మిగిలెను.

1991లో మహారాష్ట్ర ప్రభుత్వము నగరాభివృద్ధి నియమములలో మిల్లు నేలలకు ప్రత్యేకముగా 58వ నియమమును చేర్చెను. మిల్లు నేలను తిరిగి కట్టడములకు వినియోగింపదలచిన యజమాని దానిని స్థూలముగా మూడు పాళ్ళు చేయవలెను. నూటికి 33 పాళ్ళు మునిసిపల్ కార్పొరేషనుకు తోటలు, ఆటస్థలములు మొదలగు ప్రజోపయోగములకు ఇయ్యవలెను. మిల్లు విస్తీర్ణమును బట్టి 27 మొదలు 37 పాళ్ళవరకు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు సామాన్యుల ఇండ్లకై ఇయ్యవలెను. మిగిలినది యజమాని తన లాభమునకు వినియోగించుకొనవచ్చును.

ఈ లెక్క ఎంతటిదో గ్రహించుట సులభము. 600 ఎకరములలో మూడవ పాలు 200 ఎకరములు. అనగా సుమారు 8 లక్షల చదరపు మీటర్లు. కేంద్రప్రభుత్వము 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శక సూత్రములు మనిషికి 10 మొదలు 12 చదరపు మీటర్ల బహిరంగస్థలము ఉండవలెనని సూచించినవి. మనిషికి 10 చొప్పున చూచినను ఆ 200 ఎకరములు 80 వేలమందికి నిండుగా సరిపోవును. మనిషికి రెండు చదరపు మీటర్లయినను దక్కని నగరములో ఇది చిన్న విషయము కాదు.

1996లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘము మిల్లు నేలలను పరిశీలించెను. ఒక్కొక్క మిల్లును విడివిడిగా ముక్కలు చేయుటకు మారుగా అన్నిటిని కలిపి చూచినచో స్టేషన్ల చెంత విశాలమైన మైదానములును, నడకదారులును ఏర్పడునని ఆ సంఘము చూపినది.

ఒక్క మాటతో మారిన లెక్క

2001లో నియమము సవరింపబడెను. అంతకు పూర్వము మూడు పాళ్ళ లెక్క మిల్లు ఆవరణమంతటికి వర్తించుచుండెను. సవరణ తరువాత అది ఆవరణములో కట్టడములు లేని ఖాళీ నేలకు మాత్రమే వర్తించెను. మిల్లు అనగా ఆవరణములో అధికభాగము షెడ్లే. ఆ షెడ్లను కూల్చిన తరువాత మిగులు నేల పంపకములోనికి రాదు. నియమము పేరు మారలేదు, పాళ్ళ సంఖ్యలు మారలేదు. "ఖాళీ నేల" అను మాటకు అర్థము మారుటతో ప్రజల పాలు మిక్కిలి కుంచించుకొనిపోయెను.

దీనిపై పర్యావరణ పరిరక్షణ సంఘమొకటి న్యాయస్థానమును ఆశ్రయించెను. 2005 అక్టోబరు 17వ తేదీన బొంబాయి హైకోర్టు ప్రజల పాలు పెద్దదిగా ఉండవలెనను పక్షమున తీర్పు చెప్పెను. 2006 మార్చి 7వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి సవరణను నిలిపెను. అంతటితో వాదము ముగిసెను. ఒకసారి కట్టడము లేచిన నేల మరల మైదానము కాదు.

కార్మికులకు కొన్ని ఇండ్లు దక్కకపోలేదు. 2012 జూనులో గృహనిర్మాణ సంస్థ మిల్లు నేలలపై కట్టిన 6,925 ఇండ్లను లాటరీ తీసి పాత కార్మికులకును, వారి వారసులకును కేటాయించెను. ఒక్కొక్క ఇల్లు 225 చదరపుటడుగులు. చాలులో ఒంటిగదియే ఎరిగినవారికి తమ ఇంటిలోనే మరుగుదొడ్డి, నీటి కుళాయి కలుగుట గొప్ప మేలు. అయితే ఇండ్లకు దరఖాస్తు పెట్టుకొన్నవారు లక్షకు మించియుండిరి. తరువాత 2016లో కొందరికి నగరపు ఎల్లలకు వెలుపల, పన్వేలు దగ్గర ఇండ్లు కేటాయింపబడెను. పరేలులో కింగ్ ఎడ్వర్డు స్మారక ఆసుపత్రి 1926 నుండియు, టాటా స్మారక ఆసుపత్రి 1941 నుండియు పనిచేయుచున్నవి. వాటి చెంత జీవితమంతయు గడపిన వృద్ధునికి దూరపు ఇల్లు పూర్తి ఇల్లు కాదు. నగరమధ్యమున ఇల్లు కట్టవలెననుటకు ఆసుపత్రి, బడి, పనిచోటు నడకదూరములో నుండుట ముఖ్యకారణము.

ఖాళీ చోటు చేయు పని

మైదానమును అలంకారముగా భావించుట పొరపాటు. అది నిత్యము పనిచేయు ఆరోగ్యసాధనము. పెద్దలు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ వేగముగా నడచుట వంటి శ్రమ చేయవలెననియు, పిల్లలు దినమునకు సగటున ఒక గంట ఆడవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు గలవారికి వైద్యుడు నడువుమని చెప్పును. నడచుటకు చోటు లేని పేటలో ఆ సలహా కాగితముపైననే ఉండిపోవును.

చెట్ల నీడ వేసవి వేడిని తగ్గించును. మట్టి నేల వాననీటిని త్రాగును. 2005 జూలై 26వ తేదీన ముంబయిలోని శాంతాక్రుజ్ వద్ద ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన కురిసి, నగరములోని పల్లపు వాడలు మునిగిపోయెను. అంతటి వానను ఏ తోటయు పూర్తిగా ఆపజాలదు. అయినను నేలనంతయు సిమెంటుతో కప్పినచో చిన్న వానకు సయితము వీధులు నిండును.

జనము నిలుచుటకు, నడచుటకు చోటు లేనప్పుడు ప్రాణములకే ముప్పు. మిల్లు నేలలపై కార్యాలయములు పెరిగినను స్టేషన్ల దారులు అందుకు తగినట్లు పెరుగలేదు. 2017 సెప్టెంబరు 29వ తేదీ ఉదయము ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషనును పరేలు స్టేషనుతో కలుపు ఇరుకు కాలివంతెనపై, వానకు ఆగిన జనములో తొక్కిసలాట జరిగి 23 మంది మరణించిరి.

ఇల్లు కట్టిన చాలదు

పచ్చని చోటు విడువక ఇండ్లు మాత్రము దట్టముగా కట్టినచో ఏమగునో ముంబయిలోనే మరియొకచోట తెలిసినది. గోవండి, మాన్‌ఖుర్దు ప్రాంతమున మూడు పునరావాస గృహసముదాయములను పోల్చి జరిపిన పరిశీలన 2018లో వెలువడెను. రెండింటిలో బహుళ అంతస్తుల భవనముల మధ్య ఎడము 3 మీటర్లు మాత్రమే. క్రింది అంతస్తులకు ఎండ సోకదు, గాలి ఆడదు. ఎడము ఎక్కువగా గల మూడవ సముదాయముకంటె ఈ రెండింటిలో క్షయ బాధ అధికముగా కనబడెను. గుడిసె పోయి గట్టి గోడ వచ్చినంతమాత్రమున వ్యాధి పోదు. దగ్గినప్పుడు వెలువడు సూక్ష్మజీవులు గాలి కదలని గదిలో చాలసేపు నిలిచియుండును. గాలి కదలుచున్నచో అవి చెదరి పలుచబడును.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము తేమయు వేడియు గల ప్రాంతములలో కిటికీల విస్తీర్ణము గది నేలలో ఆరవ వంతుకును, పొడి వేడి ప్రాంతములలో పదవ వంతుకును తగ్గరాదు. తొమ్మిదిన్నర చదరపు మీటర్ల గదికి తీరప్రాంతమున ఒకటిన్నర చదరపు మీటర్లకు మించిన కిటికీ ఉండవలెను. ఆ కిటికీ ఎదుటి గోడవైపు కాక ఆకాశమువైపు తెరచుకొన్నప్పుడే దానివలన ప్రయోజనము.

పాత కర్మాగారపు నేలపై ఇల్లు కట్టుటకు ముందు మరి రెండు జాగ్రత్తలు అవసరము. రంగులు, నూనెలు, బొగ్గుబూడిద ఏండ్లతరబడి ఇంకిన మట్టిని పరీక్షించి, చెడినచో తొలగింపవలెను. ఆస్బెస్టాసు రేకులను పగులగొట్టక తడిపి జాగ్రత్తగా దింపవలెను. దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ఇక కట్టడము జరుగుచున్నంతకాలము గుంతలలోను, తొట్లలోను నిలిచిన నీటియందు మలేరియా, డెంగీ దోమలు పెరుగును. తొట్లకు మూతలు వేసి, గుంతల నీటిని వారమున కొకసారి తప్పక తోడివేయవలెను.

పౌరులు చూడవలసినవి

ముంబయి కథ ఒక్క ముంబయిది కాదు. వరంగల్లులో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడెను. మూతపడిన మిల్లులు, వాడుక లేని గిడ్డంగులు, పాత యార్డులు ప్రతి నగరములోను కలవు. రాజ్యాంగపు 74వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. పట్టణ ప్రణాళికయు, తోటలు, ఆటస్థలముల ఏర్పాటును పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములుగా అది పేర్కొన్నది. నగర ప్రణాళిక ముసాయిదా వెలువడినప్పుడు ప్రజలు సూచనలు, ఆక్షేపణలు తెలుపుటకు గడువు ఇయ్యబడును. ఆ గడువులో పౌరులు అడుగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. ఈ నేలలో ప్రజల పాలు ఎంత? అది ఆవరణమంతటిపై లెక్కించినదా, ఖాళీ చోటుపై మాత్రమే లెక్కించినదా? ఇండ్లలో సామాన్యుడు కొనగలవి ఎన్ని? భవనమునకును భవనమునకును ఎడమెంత? క్రింది అంతస్తులోని గదికి ఎండ వచ్చునా?

గిరణ్‌గావ్ చాలులలో పెరిగిన పిల్లలకు వసారాయే ఆటస్థలము. వారి తల్లిదండ్రులు మూడుతరములు కష్టపడిన నేలలో కొంతయైనను మనుమలకు మైదానముగా దక్కవలెనని కోరుట అత్యాశ కాదు. ఖాళీ నేల చేతికి వచ్చినప్పుడు ముందుగా దానిని కొలిచి ప్రజల పాలు గీత గీసి నిలుపుకొన్న నగరమే ముందుతరమువారికి ఇల్లును గాలిని కూడ ఇయ్యగలదు. కట్టడములు లేచిన తరువాత కొలుచుటకు ఏమియు మిగులదు.