ఫోన్ కడుపులో ఏముందో మీకు తెలుసా?

మీకు తెలుసా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను నిద్రలేపే బూట్ ఇమేజ్ మొదట్లో సరిగ్గా 8 గుర్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌లో ‘ఆండ్రాయిడ్’ అని ఏడక్షరాలు, చివర ఒక ఆశ్చర్యార్థకం! వాటిలో ఒక్కటి చెడినా ఆ ఇమేజ్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్ గుర్తుపట్టదు. అంటే ఫోన్ లేవాలంటే ఆశ్చర్యపోవాల్సిందే!

2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో ఐఐటీ హైదరాబాద్ తాత్కాలికంగా మొదలైంది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ వచ్చిందీ ఆ ఏడాదే! అందులో ఫైళ్లను సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్ పేరు యాఫ్స్2, పుట్టిల్లు న్యూజిలాండ్. 2010 చివర్లో నెక్సస్ ఎస్ రాగానే ఎక్స్‌ట్4 దాని చోటు లాగేసుకుంది. ఐఐటీ కందికి మారింది 2015లో. ముందు ఖాళీ చేసింది యాఫ్సే!

మీకు తెలుసా? శాంసంగ్ 2012లో తెచ్చిన ఎఫ్2ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య ఎఫ్2ఎఫ్52010. ఈ సంఖ్యను రాసే పదహారు గుర్తుల లెక్కలో అక్షరాలు ఎ నుంచి ఎఫ్ దాకానే. ఎస్ దొరక్క 5 కూర్చోబెట్టారు! 8055ను ‘బాస్’ అని చదివించే సంగారెడ్డి టీఎస్ 15 బండి గుర్తొచ్చిందా?

ఇప్పుడు అసలు తమాషా. ‘సంగారెడ్డి’ అని ఇంగ్లిష్‌లో రాస్తే 10 బైట్లు. తెలుగులో రాస్తే 30! కంటికి కనిపించేవి నాలుగే అక్షరాలు. కానీ సున్నా, దీర్ఘం, ఎత్వం, వత్తు, గుడి అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి, తలా 3 బైట్లు. మరి ‘పటాన్‌చెరు’? అదీ 30 బైట్లే! ‘న్‌’ కింద ‘చ’ వత్తుగా దిగిపోకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. కనబడదు గానీ 3 బైట్లు మింగుతుంది!

ఎక్స్‌ట్4లోనూ, ఎఫ్2ఎఫ్ఎస్‌లోనూ ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. అంటే ‘సంగారెడ్డి’ని ఎనిమిది సార్లు రాయొచ్చు, తొమ్మిదోది పట్టదు. మెమరీ కార్డుల్లోని ఎక్స్‌ఫ్యాట్ మాత్రం బైట్లను కాక గుర్తులను లెక్కపెడుతుంది. అక్కడ 25 సార్లు! తెలుగువాడు సత్య నాదెళ్ల సీఈఓగా ఉండగానే, 2019 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ ఈ ఎక్స్‌ఫ్యాట్ గుట్టును లోకానికి విప్పింది.

పాత ఫ్యాట్32లో ఒక్క ఫైలు 429,49,67,295 బైట్లు దాటకూడదు. పెళ్లి వీడియో ఒక్క బైటు పెరిగినా అప్పగింతల దాకా చేరదు!

మీకు తెలుసా? సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. బూట్ ఇమేజ్‌ను జంటగా మోసే గూగుల్ పిక్సెల్ వచ్చిందీ ఆ నెలలోనే! ఒకటి నడుస్తుంటే అప్‌డేట్ రెండోదానిలో ఎక్కుతుంది. బెడిసికొడితే పాతదే దిక్కు. ఉమ్మడి మెదక్ మూడు జిల్లాలైతే, బూట్ ఇమేజ్ రెండయింది!

ఆఖరిది, కాస్త భయపెట్టేది. బూట్‌లోడర్ తాళం తీస్తే, దొంగల చేతికి చిక్కకుండా ఫోన్‌లోని డేటా మొత్తం చెరిగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. మీ ఫొటోలకూ అదే గతి! సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు ఈ తాళం తీయాల్సి రావచ్చు, అందుకే షాపులో ఫోన్ ఇచ్చేముందు ఫొటోలన్నీ ఇంకోచోట కాపీ చేసుకోండి.