పరుగును, బీరును

పరుగెత్తువానిని, బీరు త్రాగువానిని ఒకే పీటపై కూర్చుండబెట్టుట ఇరువురకును సమ్మతము కాదు. మొదటివాడు ఆరోగ్యమునకు ప్రతినిధి. రెండవవాడు దానికి బాకీదారు. అయినను కొంచెము పరిశీలించి చూచినచో, వీరిరువురును ఒకే గురువు వద్ద చదువుకొన్న శిష్యులవలె కానవత్తురు.

మొదటి గుటక చేదు; మొదటి మైలును చేదే. ఆ చేదు మ్రింగినవానికే తరువాతి రుచి తెలియును. ఇరువురకును చెమట పట్టును, ముఖము ఎఱ్ఱబడును, అడుగులు తడబడును. మఱునాటి ఉదయమున ఒకడు కాళ్లు, ఒకడు తల పట్టుకొని "ఇక జన్మలో ఆ జోలికి పోను" అని ఒట్టు పెట్టుకొందురు. సాయంకాలము స్నేహితుడు వీధిలో నిలిచి కేక వేయగానే ఆ ఒట్టు తీసి గట్టున బెట్టి బయలుదేరుదురు.

లెక్కల విషయమున మాత్రము స్వల్పభేదము కలదు. మిత్రుల నడుమ మూడు మైళ్లు అయిదగును, మూడు సీసాలును అయిదగును. ఇంటికి వచ్చి ఇల్లాలి ఎదుట నిలిచినప్పుడు మైళ్లు అయిదుగానే యుండును గాని, సీసాలు ఒకటికి దిగును.

ఈ సామ్యము నా కల్పన యని తలపవలదు. తెలుగువారు తోటల కూలికై తరలిపోయిన మలయాలో, కౌలాలంపూరు నగరమున, 1938లో గిస్పర్టు అను లెక్కల ఉద్యోగి మిత్రులతో కలసి దీనికొక సంఘమునే నెలకొల్పెను. సెలాంగార్ క్లబ్బులో తాము భోజనము చేయు చోటును అచటి చప్పిడి కూటిని బట్టి "హ్యాష్ హౌస్" అని వారు ఎగతాళి చేయువారట. ఆ ఎగతాళియే "హ్యాష్ హౌస్ హ్యారియర్స్" అను సంఘనామమాయెను. ఒకడు కుందేలై, కాగితపు ముక్కలు చల్లుచు ముందు పరుగెత్తును. తక్కినవారు వేటకుక్కలై ఆ జాడ పట్టుదురు. త్రోవ చివర బీరు. నడుమ దొంగజాడలుండుటచే వేగశాలి దారి తప్పి వెనుకకు మరలును. ఈలోగా వెనుకబడిన స్థూలకాయుడు వచ్చి కలిసికొనును.

1950 నాటి వారి ఆశయములలో వారాంతపు మైకము వదలించుకొనుట, చక్కని దాహము సంపాదించి దానిని బీరుతో తీర్చుట, వృద్ధసభ్యులకు తాము తలచినంత ముసలివారము కామని నచ్చజెప్పుట అనునవి కలవు. ఏబది దాటిన నాకు ఈ కడపటిది శాస్త్రవాక్యమువలె తోచుచున్నది.

రెండింటిని ఒకే కాడికి కట్టిన పందెమును కలదు. దాని పేరు "బీరు మైలు". నాలుగు చుట్లు పరుగెత్తవలెను. ప్రతి చుట్టుకు ముందు 355 మిల్లీలీటర్ల బీరు త్రాగవలెను. వాంతి చేసికొన్నవానికి ఇంకొక చుట్టు శిక్ష. 2014లో జేమ్స్ నీల్సన్ అను అమెరికను దీనిని 4 నిమిషముల 57 సెకండ్లలో ముగించెను. మనలో పెక్కురకు ఆ వ్యవధిలో సీసా మూతయైనను రాదు.

అయితే భేదమే లేదా? కలదు. పరుగెత్తువాని దేహము తన మత్తును తానే కాచుకొనును. బీరు మత్తు కొని తెచ్చుకొన్నది. "ఇంకొక మైలు" అన్నవానిని కాళ్లు ఆపును. "ఇంకొక సీసా" అన్నవానిని ఆపవలసిన బుద్ధియే ముందుగా నిద్రించును. దాహము తీరునని త్రాగిన మద్యము మూత్రమును హెచ్చించి ఒంటిలోని నీటిని వెడలగొట్టును. కావున పరుగు ముగిసినవానికి మొదటి గ్లాసు మంచినీరగుట మేలు.

1942లో జపాను సేనలు సింగపూరుపై బడినప్పుడు, ఆ పోరాటమున గిస్పర్టు మరణించెను. యుద్ధము ముగిసిన పిమ్మట, బ్రతికి మిగిలినవారు మరల కూడి పరుగెత్తిరి. బీరే కావలసినచో కూర్చున్నచోటనే దొరకును. పరుగే కావలసినచో ఒంటరిగా పరుగెత్తవచ్చును. త్రోవ చివర తమకై ఒకడు కాచుకొని యుండునన్న భరోసాకే వారు మరల బయలుదేరిరని నా తలంపు.

నా మట్టుకు నేను రేపటి సాయంకాలము నడకకు ఒక పాతమిత్రుని పిలిచి యున్నాను. త్రోవ చివర మజ్జిగ.