రాయి చిన్నదే... నొప్పి ఎందుకింత?

"ఆవగింజంత రాయికి ఇంత గోలా?" అని ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు. కిడ్నీలో రాళ్లున్న ఆడవాళ్లు నొప్పితో పాటు ఈ మాట కూడా పడాలి. పురిటినొప్పులే నయమంటూ మెలికలు తిరిగిపోయే మనిషిని చూసి అలా ఎలా అనగలరో మరి!

నిజానికి రాయి సైజుకీ, నొప్పికీ పెద్దగా పొంతన ఉండదు. ఉసిరికాయంత రాయి కిడ్నీలో కదలకుండా కూర్చుంటే ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. అదే 4 మిల్లీమీటర్ల రాయి కిందికి జారిందా, చుక్కలు చూపిస్తుంది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లే, అందులోనూ మూడుచోట్ల మరీ ఇరుకు. రాయి అక్కడ ఇరుక్కుంటే వెనక మూత్రం నిలిచి కిడ్నీ ఉబ్బుతుంది. రాయిని తోసెయ్యాలని నాళం బిగుసుకుంటుంది. తెరలు తెరలుగా వచ్చే నొప్పి అదే. దారి ఎంత హఠాత్తుగా మూసుకుంటే నొప్పి అంత ఎక్కువ. రాయి పైనుంటే నడుము పక్కన పోటు, దిగేకొద్దీ పొత్తికడుపులో, గజ్జల్లో లాగుడు. మూత్రాశయం దగ్గరికొచ్చేసరికి మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం. మనమేమో "వేడి చేసింది" అనుకుని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటాం.

గుంటూరు, ప్రకాశం ఎండలు, 2022లో పల్నాడు జిల్లాలో చేరిన రెంటచింతల ఎండలు మనకి కొత్త కాదు. చెమటకి ఒంట్లో నీరు పోయి, మూత్రం చిక్కబడి లవణాలు రాళ్లు కడతాయి. మిరప కోతకెళ్లే ఆడకూలీలు సీసాలో నీళ్లున్నా గొంతు తడుపుకుని ఊరుకుంటారు. ఆ చేలల్లో చాటెక్కడ? మగవాళ్లకి గట్టు చాలు. "నీళ్లు తాగవేం?" అని మందలించే రైతులు చేను పక్కన నాలుగు తడికలతో మరుగు కట్టిస్తే బావుండును. రోజుకి 2 నుంచి 2.5 లీటర్ల మూత్రం రావాలంటారు డాక్టర్లు. ఎండలో పనిచేసేవాళ్లు 3 లీటర్లకి పైనే తాగితే గానీ అంత రాదు.

అలాగని నొప్పి మొదలయ్యాక బిందెడు నీళ్లు తాగిస్తే రాయి కొట్టుకుపోదు. ఒత్తిడి పెరిగి బాధ ఎక్కువ కావచ్చు. అరటి దూట కూర తినండి, దానికేం, పరీక్ష మాత్రం మానకండి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి. కానీ నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పడిపోయినట్టు కాదు. అడ్డు అలాగే ఉండి, నొప్పి సద్దుమణిగి, లోలోపల కిడ్నీ దెబ్బతినే ప్రమాదముంది. స్కానింగ్‌ చేయిస్తే సంగతి తేలుతుంది. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, మనిషి గర్భిణి అయినా "కోతలయ్యాక చూద్దాంలే" అనకుండా, ఏ వేళైనా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.